మాచనూర్ గొంతుకు పదేళ్ల తాళం

సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ దగ్గర మాచనూర్‌లో రేడియో స్టేషన్ ముందు వచ్చింది. రేడియో పదేళ్ల తర్వాత మోగింది. 1990ల చివర్లో యునెస్కో తోడ్పాటుతో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ అక్కడ స్టూడియో కట్టించింది. మైకులు వచ్చాయి, రికార్డింగు నేర్చిన దళిత మహిళలూ వచ్చారు. వాళ్ల మాటను గాలిలోకి వదలడానికి సర్కారు అనుమతి మాత్రం రాలేదు.

అయినా వాళ్లు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. పొలం పనులు, వంటావార్పులు ముగిశాక రాత్రిపూట ఊళ్లలో మహిళా సంఘాలు కూర్చునేవి. మధ్యలో టేప్‌రికార్డరు పెట్టి, మాచనూర్‌లో తయారైన క్యాసెట్టు వేసేవారు. విత్తనాల ముచ్చట్లు, పశువులకు నాటు వైద్యం, నాట్ల పాటలు. అన్నీ జహీరాబాద్ యాసలోనే. యాసంగిలో నీళ్లు కట్టకుండా మంచు తడికే పండే పంటలను అక్కడ ‘సత్యం పంటలు’ అంటారు. అంత గొప్ప మాట పుట్టిన నేల మీద, ఆ మాటను పక్క ఊరికి చేర్చాలంటే క్యాసెట్టు మోసుకుపోవాల్సి వచ్చింది.

ఈ అడ్డంకికి మూలం 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం. తెల్లదొరలు తంతి కోసం చేసిన ఆ చట్టం కిందే రేడియో తరంగాలూ ప్రభుత్వం గుప్పిట్లో ఉండిపోయాయి. ఆ పిడికిలిని సడలించింది క్రికెట్ కావడం విచిత్రం. 1993లో హీరో కప్ ప్రసారాల మీద బెంగాల్ క్రికెట్ సంఘానికీ దూరదర్శన్‌కూ తగువొచ్చి సుప్రీంకోర్టుకు చేరింది. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995 ఫిబ్రవరి 9న తీర్పు వచ్చింది. ప్రధాన తీర్పు జస్టిస్ పి.బి. సావంత్‌ది. విడిగా తీర్పు రాసిన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి మన తెలుగువారే.

తీర్పు వచ్చినంత మాత్రాన తలుపు తెరుచుకోలేదు. 2000లో జహీరాబాద్ పక్కనే ఉన్న పస్తాపూర్‌లో సమావేశమైనవారు ఊరివాళ్లే నడుపుకునే సామాజిక రేడియోకు అనుమతివ్వాలని ప్రకటన చేశారు. 2002 డిసెంబరులో కేంద్రం విధానమైతే తెచ్చింది గానీ విద్యాసంస్థలకే పరిమితం చేసింది. చదువుకున్నవాళ్లకే మైకు అన్నట్టు! 2004 ఫిబ్రవరి 1న చెన్నైలో అన్నా విశ్వవిద్యాలయం ఎఫ్‌ఎం మోగింది. మాచనూర్‌లో మాత్రం క్యాసెట్లే తిరిగాయి. స్వచ్ఛంద సంస్థలకు దారి ఇచ్చింది 2006 నవంబరు విధానమే.

2008 అక్టోబరు 15న 90.4 మెగాహెర్ట్జ్ మీద మాచనూర్ స్టేషన్ ‘సంఘం రేడియో’ పేరుతో గాలిలోకి వచ్చింది. ప్రారంభించింది ఎవరనుకున్నారు? ఆ తీర్పు రాసిన సావంత్ గారే. దాన్ని నడిపింది నర్సమ్మ అనే ఒకే పేరున్న ఇద్దరు దళిత మహిళలు. మన దేశ ప్రసార చరిత్రలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన రోజు అదే.

ఇలాంటి స్టేషన్ల నియమాల విషయానికొస్తే, 2004 నుంచి ప్రసార రంగం నియంత్రణ బాధ్యత కూడా టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌దే. విధానాలపై ట్రాయ్ సిఫారసు చేస్తుంది, కేంద్రం నిర్ణయిస్తుంది. సామాజిక రేడియోపై 2023 జులైలో ట్రాయ్ సిఫారసులు ఇచ్చింది. 2024 ఫిబ్రవరిలో ప్రకటనల సమయం గంటకు 7 నిమిషాల నుంచి 12 నిమిషాలకు పెరిగింది. పది సెకన్ల సర్కారు ప్రకటన ధర 52 రూపాయల నుంచి 74 అయింది. కరెంటు బిల్లుకూ జీతాలకూ తడుముకునే స్టేషన్లకు ఇది చిన్న ఊరట కాదు.

అసలు ముడి వార్తల దగ్గరుంది. సొంతంగా వార్తలు చెప్పడాన్ని 2006 విధానమే నిషేధించింది. వంద వాట్ల ట్రాన్స్‌మిటర్, పది పదిహేను కిలోమీటర్ల పరిధి. అక్కడి చెరువు కట్ట తెగితే, పంచాయతీ నిధులు ఆగితే చెప్పాల్సింది ఆ ఊరి రేడియో కాక మరెవరు? ఇదే ట్రాయ్ 2023 సెప్టెంబరులో ప్రైవేటు ఎఫ్‌ఎంలకు గంటకు 10 నిమిషాల వార్తలు అనుమతించాలని సిఫారసు చేసింది. లాభం కోసం నడిచే స్టేషన్లకు తగినది ఊరి కోసం నడిచేవాటికి తగదా? రాబోయే ఏడాది పనుల పట్టికలో ట్రాయ్ మొదట రాసుకోవాల్సింది ఆ పది నిమిషాలనే. అవి మాచనూర్‌కూ ఇవ్వండి.