అగ్నిగుండాల సీసం, గనుల్లో నీళ్లు

మార్కాపురం పలక తెలియని వాళ్లం కాదు మనం. కానీ ఆ పలక రాయి దొరికే పొరలకి భూగర్భ శాస్త్రంలో మన కంభం పేరే పెట్టారని, కంభం ఫార్మేషన్ అంటారని కాలేజీకి వచ్చాకే మాకు తెలిసింది. ఆ పొరలే పుల్లలచెరువు దాటి బొల్లాపల్లి వైపు పోతాయి. అక్కడ పలక కాదు, సీసం, రాగి బయటపడ్డాయి.

ఆ చోటు పేరు అగ్నిగుండాల. పేరులోనే నిప్పుంది. పాతకాలం వాళ్లే అక్కడ తవ్వి రాగి కరిగించారు, గుంటలూ చిట్టెం రాళ్లూ వదిలిపోయారు. స్వాతంత్ర్యం వచ్చాక జియలాజికల్ సర్వే వాళ్లు మళ్లీ వెతికారు. నల్లకొండ, ధూకొండలో రాగి, బండలమొట్టులో సీసం. సీసం గనిని 1966లో పుట్టిన హిందుస్థాన్ జింక్ నడిపింది. ఖనిజం విశాఖ స్మెల్టర్‌కి పోయింది. తర్వాత గని ఆగిపోయింది. చుట్టూ మన సుగాలి తండాలు మాత్రం అక్కడే ఉన్నాయి. తవ్విన టన్నుల లెక్క పుస్తకాల్లో దొరుకుతుంది, నీళ్ల లెక్క మాత్రం మనమే అడగాలి.

ఎందుకంటే ఇలాంటి ఖనిజంతో పాటు పైరైట్ ఉంటుంది. ఇనుము, గంధకం కలిసిన రాయి. దానికి గాలి, నీళ్లు తగిలితే సల్ఫ్యూరిక్ ఆమ్లం పుడుతుంది, ఆ ఆమ్లం రాయిలోని లోహాన్ని నీళ్లలోకి లాగుతుంది. అగ్నిగుండాలలో ఒక మంచి సంగతి ఉంది. సీసం ఉన్న రాయి డోలమైట్, అంటే సున్నపురాయికి చుట్టం. అది ఆమ్లాన్ని చంపుతుంది. అలాగని లిట్మస్ కాగితం రంగు మారలేదు కాబట్టి నీళ్లు మంచివే అనుకోకూడదు. ఆమ్లం పోయినా జింకు, కొంత సీసం మిగలొచ్చు. సీసానికి రంగు లేదు, వాసన లేదు, కాచినా పోదు. తాగే నీళ్లలో లీటరుకి 0.01 మిల్లీగ్రాము దాటకూడదని మన దేశ ప్రమాణం.

మరి తీసేదెలా? పదో తరగతిలో మైలుతుత్తం నీళ్లలో ఇనుప మేకు వేశాం కదా, మేకు మీద ఎర్రగా రాగి పట్టింది. చైనాలో సోంగ్ రాజుల కాలంలోనే గని నీళ్లలో ఇనుము వేసి ఇలాగే రాగి తీశారు. ఫారడే 1830లలో కరెంటుకీ లోహానికీ లెక్క కట్టాక పని సులువైంది. గిల్టు నగలకి పూత పట్టించేదీ ఆ పద్ధతే. 1906లో అమెరికాలో డీట్రిచ్ అనే ఆయన ఓడల మురికినీటిని కరెంటుతో శుద్ధి చేయడానికి పేటెంటు తీసుకున్నాడు.

గని నీళ్లకైతే ఇనుప లేదా అల్యూమినియం రేకులు ముంచి డీసీ కరెంటు ఇస్తారు. ప్లస్ రేకు కరిగి జిగురు ముద్దలవుతుంది, లోహాలు దానికి అంటుకుని అడుక్కి దిగుతాయి. మైనస్ రేకు దగ్గర హైడ్రోజన్ బుడగలు వస్తాయి, నీళ్ల పులుపు తగ్గుతుంది. కరెంటు ఖర్చుంది, రేకులు అరుగుతాయి. అసలు తలనొప్పి అడుగున మిగిలే బురద. సీసమంతా అందులోకే చేరుతుంది, దాన్ని వాగు పక్కన పారబోస్తే చేసిన పనంతా వృథా.

మన దగ్గర నీళ్ల పరీక్ష అంటే ఫ్లోరైడ్ ఒక్కటే అడుగుతాం. బొల్లాపల్లి, పుల్లలచెరువు తండాల తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఈసారి బోరు నీళ్లు ల్యాబుకి ఇచ్చేటప్పుడు సీసం, రాగి, జింకు కూడా చూడమని కాగితం మీద రాసి ఇవ్వండి. గనిలో పనిచేసిన తాతలుంటే, లోపల ఊరిన నీళ్లు ఏ వాగులోకి తోడేవాళ్లో అడిగి రాసుకోండి.