సూరత్‌లో తెలుగు-గుజరాతీ సాంస్కృతిక కార్యక్రమాలు: కేంద్ర గ్రాంటుకు అర్హులెవరు?

సూరత్: మరమగ్గాల పని కోసం తెలంగాణ నుంచి తరలివచ్చిన పద్మశాలి కుటుంబాలు సూరత్‌లోని లింబాయత్ ప్రాంతంలో తరతరాలుగా నివసిస్తున్నాయి. నగరపాలక సంస్థ ఇక్కడ తెలుగు మాధ్యమ పాఠశాలలను కూడా నడుపుతోంది. నవరాత్రుల వేళ గుజరాతీ మహిళలు గర్బా ఆడితే, తెలంగాణ మహిళలు దాదాపు అవే రోజుల్లో బతుకమ్మ చుట్టూ తిరుగుతారు. ఈ రెండింటినీ ఒకే వేదికపైకి తేవాలనుకునే సంఘాలకు కేంద్ర సాంస్కృతిక మంత్రిత్వ శాఖ గ్రాంటు ఒక మార్గం.

‘కల్చరల్ ఫంక్షన్ అండ్ ప్రొడక్షన్ గ్రాంట్’ పేరిట, కళా సంస్కృతి వికాస్ యోజనలో భాగంగా ఈ సాయం అందుతుంది. సదస్సులు, కార్యశాలలు, ఉత్సవాలు, ప్రదర్శనలు, పరిశోధన, నృత్య నాటక సంగీత రూపకల్పనలు దీని పరిధిలోకి వస్తాయి. లాభాపేక్ష లేని సొసైటీలు, ట్రస్టులు, విశ్వవిద్యాలయాలు దరఖాస్తు చేసుకోవచ్చు. వ్యక్తులకు అవకాశం లేదు.

అసలు చిక్కు మరోచోట ఉంది. మత సంస్థలుగా పనిచేసేవాటికి, పాఠశాలలకు, కళాశాలలకు ఈ పథకం వర్తించదు. వలస ప్రాంతాల్లో తెలుగువారిని ఒకచోట చేర్చేవి సాధారణంగా ఆలయ కమిటీ, తెలుగు బడి. ఆ రెండూ అనర్హమే. కాబట్టి సాంస్కృతిక లక్ష్యాలతో విడిగా నమోదైన సంస్థ ఉండాలి. దానికి కనీసం మూడేళ్ల అనుభవం, ఆడిట్ చేసిన లెక్కలు, నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్‌లో గుర్తింపు సంఖ్య అవసరం. గుజరాత్‌లో ట్రస్టుల నమోదు 1950 నాటి పబ్లిక్ ట్రస్టుల చట్టం కింద ఛారిటీ కమిషనర్ వద్ద జరుగుతుంది. పండుగ దగ్గరపడ్డాక సంఘం పెట్టుకుంటే ప్రయోజనం ఉండదు.

గ్రాంటు గరిష్ఠంగా రూ.5 లక్షలు, అసాధారణ సందర్భాల్లో రూ.20 లక్షల వరకు పెంచవచ్చు. ఖర్చులో 75 శాతానికి మించి ప్రభుత్వం ఇవ్వదు. మిగతాది సంస్థే సమకూర్చుకోవాలి.

2015లో ప్రకటించిన ‘ఏక్ భారత్ శ్రేష్ఠ భారత్’లో గుజరాత్‌కు ఛత్తీస్‌గఢ్, తెలంగాణకు హరియాణా, ఆంధ్రప్రదేశ్‌కు పంజాబ్ జత రాష్ట్రాలయ్యాయి. తెలుగు-గుజరాతీ బంధానికి అందులో చోటు దక్కలేదు. పై గ్రాంటుకు మాత్రం ఈ జతలతో సంబంధం లేదు.

సొంత వాటా కోసం విదేశాల్లోని బంధువులను ఆశ్రయించే సంఘాలు జాగ్రత్త వహించాలి. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసి తన సొంత పొదుపు నుంచి బ్యాంకు ద్వారా పంపే విరాళం విదేశీ విరాళం కిందకు రాదు. అదే వ్యక్తి అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే మాత్రం వస్తుంది. అప్పుడు 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద సంస్థకు రిజిస్ట్రేషన్ లేదా ముందస్తు అనుమతి తప్పనిసరి.

గ్రాంటు పొందిన ఆర్థిక సంవత్సరం ముగిసిన 12 నెలల్లోగా, సాధారణ ఆర్థిక నిబంధనల ప్రకారం 12-ఎ నమూనాలో వినియోగ ధ్రువపత్రం సమర్పించాలి.