రాగిరేకులు చెప్పే పాఠం

తాళ్లపాక అన్నమాచార్యుల వారు (1408–1503) 32 వేల సంకీర్తనలు రచించారని ప్రతీతి. తాటాకుకు తడీ, చెదలూ శత్రువులు. అందుకే కుమారులు పెదతిరుమలాచార్యులు వాటిని రాగిరేకులపై చెక్కించి, తిరుమల ఆలయ సంకీర్తన భాండాగారంలో భద్రపరచారు. కాలక్రమంలో అవి మరుగునపడ్డాయి. 20వ శతాబ్దంలో సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి ప్రభృతులు వెలుగులోకి తెచ్చారు. దొరికినవి సగమైనా లేవు! రేకుపై రాగం పేరుంది, స్వరం లేదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారి వంటివారు కొత్తగా స్వరపరచవలసి వచ్చింది.

గుమాస్తాగా జీవితమంతా నకళ్లు తీసిన నాకు తోచేదిదే: గట్టి వస్తువుపై రాసినంత మాత్రాన చాలదు, నకలు రెండు చోట్ల ఉండాలి, అప్పుడప్పుడు తెరిచి చూడాలి. మిత్రులారా! పెన్షను కాగితాలైనా, జ్ఞాపకాలైనా కంప్యూటరులో ఉంటే, మరో ప్రతి పెన్‌డ్రైవులో వేరే ఇంట ఉంచండి. ఎక్కడుందో పిల్లలకు చెప్పండి.