తెర వెనుక పనివాళ్లు: కంప్యూటర్ సేవల చరిత్ర

భిలాయ్ ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. దాని చుట్టూ పెరిగిన ఉక్కునగరంలో శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలు కూడా ఎన్నో స్థిరపడ్డాయి. ఈ ఊరి పిల్లలకు ఒక సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఫర్నేస్‌ను పొద్దున వెలిగించి రాత్రికి ఆర్పేయడం కుదరదు. మూడు షిఫ్టులూ అది మండుతూనే ఉండాలి. అందుకోసం గాలి ఊదే బ్లోయర్లు, నీరు పంపే పంపులు ఎవరి కంటా పడకుండా పనిచేస్తూనే ఉండాలి.

కంప్యూటర్‌లోనూ ఇలాంటి పనివాళ్లు ఉన్నారు. మనం తెరపై ఉత్తరం టైపు చేస్తుంటే ఒక ప్రోగ్రాం గడియారాన్ని సరిచేస్తుంది, మరొకటి ప్రింటర్‌కు వెళ్లవలసిన కాగితాలను వరుసలో పెడుతుంది, ఇంకొకటి వైరస్ కోసం వెతుకుతుంది. వీటిని నేపథ్య సేవలు అంటారు. ఇవి ఎలా పుట్టాయో, వీటిని అదుపులో ఉంచడం మనిషి ఎలా నేర్చుకున్నాడో ఈ పాఠంలో చూద్దాం.

మొదటి కంప్యూటర్లు ఒకసారికి ఒకే పని చేసేవి. 1960లలో ఒకే యంత్రాన్ని ఎందరో పంచుకునే పద్ధతి వచ్చింది. 1963లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో మొదలైన ప్రాజెక్ట్ మ్యాక్‌లో, ఎవరూ అడగకుండానే ఫైళ్లను టేపుపైకి నకలు తీసే ఒక ప్రోగ్రాం రాశారు. అలాంటి ప్రోగ్రాంలకు డీమన్ అని పేరు పెట్టారు. భౌతిక శాస్త్రవేత్త మాక్స్‌వెల్ 1867లో ఊహించిన, అణువులను అలసట లేకుండా వేరుచేసే చిన్న జీవి నుంచి ఈ పేరు వచ్చింది. అంటే ఇందులో దయ్యం ఏమీ లేదు.

1969లో బెల్ లాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ యూనిక్స్‌ను మొదలుపెట్టారు. అందులో ఒకటో నంబరు ప్రోగ్రాం పేరు ఇనిట్. యంత్రం లేవగానే అదే లేచి మిగతా సేవలను లేపుతుంది. తల్లి ప్రోగ్రాం ముగిసిపోయి అనాథలైన ప్రోగ్రాంలను అదే దగ్గరకు తీస్తుంది. ఒక రకంగా అది షిఫ్టు ఇన్‌చార్జి.

అయితే పనివాడిని పనిలో పెట్టడంతో బాధ్యత తీరదు. 1988 నవంబర్ 2న రాబర్ట్ మోరిస్ అనే విద్యార్థి వదిలిన వర్మ్ ఇంటర్నెట్‌లోని వేల కంప్యూటర్లను స్తంభింపజేసింది. అది చొరబడిన దారుల్లో రెండు, మెయిల్ చేరవేసే సేవ, వినియోగదారుల వివరాలు చెప్పే సేవ. ఆ రెండూ ఎల్లప్పుడూ తలుపు తీసి కూర్చునే నేపథ్య సేవలే. అవసరం లేని సేవను ఆపేయాలి, అవసరమైనదానికి కావలసినంత అధికారమే ఇవ్వాలి అన్న జాగ్రత్త ఎంత ముఖ్యమో అప్పుడు అందరికీ అర్థమైంది.

ఇంకా పెద్ద పాఠం 2003 ఆగస్టు 14న వచ్చింది. అమెరికాలోని ఒహాయోలో ఒక విద్యుత్ నియంత్రణ కేంద్రంలో ప్రమాద సూచనలు ఇచ్చే ప్రోగ్రాం మధ్యాహ్నం రెండుంపావు వేళ మొరాయించింది. తాను ఆగిపోయానని అది ఎవరికీ చెప్పలేదు. తెరపై హెచ్చరికలేవీ లేవు కాబట్టి అంతా బాగుందనే సిబ్బంది అనుకున్నారు. ఈలోగా లైన్లు చెట్లకు తగిలి ఒకదాని తర్వాత ఒకటి తెగిపడ్డట్టు సరఫరా నుంచి తప్పుకున్నాయి. మధ్యలో సర్వర్‌ను మళ్లీ నడిపించారు. అది లేచింది కానీ, హెచ్చరికల పని తిరిగి మొదలైందా అని ఆపరేటర్లను అడిగినవారు లేరు. సాయంత్రానికి అమెరికా, కెనడాల్లో దాదాపు 5 కోట్ల మందికి కరెంటు పోయింది. లేచి ఉండడం వేరు, పని చేస్తుండడం వేరు.

2010లో వచ్చిన సిస్టమ్‌డి నేటి లినక్స్ యంత్రాల్లో చాలావాటిని నడుపుతోంది. ఏ సేవ తర్వాత ఏది లేవాలో అది చూస్తుంది, పడిపోయినదాన్ని మళ్లీ లేపుతుంది, జరిగినదంతా చిట్టాలో రాస్తుంది. నిర్ణీత వ్యవధిలో ‘నేను పని చేస్తున్నాను’ అని కబురు పంపని సేవను చెడిపోయినట్టే లెక్కగట్టే ఏర్పాటు కూడా అందులో ఉంది. మౌనాన్ని క్షేమంగా భావించకపోవడమే ఇక్కడి సూత్రం.

ఈ సూత్రం విలువ భిలాయ్‌కి బాగా తెలుసు. 2014 జూన్ 12న కర్మాగారంలోని ఒక పంప్‌హౌస్ దగ్గర నీటి పీడనం పడిపోయింది. బ్లాస్ట్ ఫర్నేస్ వాయువు వెనక్కి తన్ని లీకైంది. ఆ వాయువులోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు. ఆరుగురు ప్రాణాలు కోల్పోయారు. పంపు పని చేసినన్నాళ్లూ అది ఉందని ఎవరికీ గుర్తుండదు. అది ఆగిన క్షణం మాత్రం అందరికీ తెలియాలి.

మీ బడి కంప్యూటర్‌లో సేవల పట్టిక తెరిచి చూడండి. దేన్నీ ఆపవద్దు. ఒక్కొక్కదాని గురించి మూడు ప్రశ్నలు వేసుకోండి: ఇది ఎవరి కోసం పని చేస్తోంది? దీనికి ఎంత అధికారం ఉంది? ఇది ఆగిపోతే ఆ సంగతి ఎవరికి, ఎలా తెలుస్తుంది? మూడో ప్రశ్నకు జవాబు దొరకని సేవ దగ్గరే మీ జాగ్రత్త మొదలు కావాలి.