గొలుసుల ఊరి కుక్క

విక్టోరియా రాణి కాలంలో ఇంగ్లండ్ తల్లులు పసిపిల్లలను స్టాఫర్డ్‌షైర్ బుల్ టెరియర్‌కు అప్పగించి పనికి వెళ్లేవారనీ, అందుకే దానికి ‘నానీ డాగ్’ అని పేరొచ్చిందనీ ఈ కుక్కను పెంచేవాళ్లలో చాలామంది చెబుతారు. ఆ మాట ఎక్కడ పుట్టిందో వెతుక్కుంటూ వెళ్తే దారి ఇంగ్లండ్ వైపు పోదు, 1971 నాటి న్యూయార్క్ టైమ్స్‌లో తేలుతుంది. ఆ సెప్టెంబరులో ఈ జాతి మీద అందులో ఒక వ్యాసం వచ్చింది. అమెరికన్ కెన్నెల్ క్లబ్ గుర్తింపు ఇంకా రాలేదు, అది 1974లో వచ్చింది. అక్కడి స్టాఫర్డ్ క్లబ్బు అధ్యక్షురాలు లిలియన్ రాంట్ ఆ వ్యాసంలో, ఇంగ్లండ్‌లో దీన్ని పిల్లల ఆయాగా చెప్పుకుంటారని అన్నారు. పోట్లాటల బరిలో పుట్టిన కుక్కకు ఇంటి గడప దాటే అర్హత ఉందని నిరూపించాల్సిన రోజులవి. ఆమె ఉద్దేశం మంచిదే. కానీ ఆ ఒక్క మాట నోటినోటా పెరిగి శతాబ్దం నాటి ఆచారమైపోయింది.

ఇది తెలిసినప్పుడు నాకు నిజంగా ఆనందం కలిగింది. ఎందుకంటే అసలు కథ ఈ కల్పన కంటే ఎంతో గొప్పది.

ఎద్దును గుంజకు కట్టి కుక్కలను ఉసిగొల్పే ఆట ఇంగ్లండ్‌లో వందల ఏళ్లు సాగింది. ఆ పనికి వాడిన బరువైన బుల్‌డాగ్‌ను చురుకైన టెరియర్‌తో కలిపి చిన్నపాటి కుక్కను తయారుచేశారు. లండన్‌లోని వెస్ట్‌మిన్‌స్టర్ బరిలో 1823లో బిల్లీ అనే అలాంటి కుక్క ఐదున్నర నిమిషాల్లో వంద ఎలుకలను చంపడంతో దాని పేరు ఊరంతా మారుమోగిపోయింది. 1835 చట్టం ఎద్దుల ఆటనూ కుక్కల పోట్లాటలనూ కలిపి నిషేధించింది. ఎద్దును దాచలేరు గనక మొదటి ఆట ఆగింది. రెండోది పబ్బుల వెనక గదుల్లోకి జారుకుంది.

మనుషుల పట్ల దీని మెతకదనానికి మూలం ఆ పందేల పద్ధతిలోనే ఉందంటారు. మన కోడిపందేల బరిలో లాగే అక్కడా కుక్క పక్కనే మనిషి ఉండేవాడు. రక్తం కారుతున్న కుక్కను చేతులతో ఎత్తి విడదీసేవాడు. ఒంటికి విషం పూశారేమోనన్న అనుమానంతో పోటీకి ముందు అవతలి పక్షం వాడు వచ్చి కుక్కను కడిగేవాడు కూడా. కొత్తవాడి చేతికి లొంగని కుక్క ఆ పనికి పనికిరాదు. తోటి కుక్క మీద కసి, మనిషి మీద నమ్మకం రెండూ ఒకే చోట పెరిగాయి. ఈనాటికీ దీన్ని పెంచేవాళ్లు పిల్లల విషయంలో కంటే వీధిలో ఎదురయ్యే కుక్కల విషయంలోనే ఎక్కువ జాగ్రత్తపడతారు.

ఆ తర్వాత చాలాకాలం దీని గురించి రాసిపెట్టినవాళ్లు తక్కువ. బర్మింగ్‌హామ్‌కు చెందిన జేమ్స్ హింక్స్ 1860ల్లో తెల్లని బుల్ టెరియర్‌ను తీర్చిదిద్ది పెద్దింటి ప్రదర్శనలకు తీసుకెళ్లాడు. పాత రకం మాత్రం గనుల పనివాళ్ల దగ్గరా ఇనుప పనివాళ్ల దగ్గరా ఉండిపోయింది.

నాకిష్టమైన ఘట్టం ఇక్కడే మొదలవుతుంది. బ్లాక్ కంట్రీ అని పిలిచే ఆ ప్రాంతంలో క్రాడ్లీ హీత్ గొలుసుల ఊరు. ఇళ్ల వెనకే కొలిముండేది. ఆడవాళ్లు పిల్లల్ని పక్కనే పెట్టుకుని ఎర్రగా కాలిన కడ్డీని వంచి లంకెలు కలిపేవారు. 1910లో మేరీ మకార్థర్ నాయకత్వంలో పది వారాలు సమ్మె చేసి గంటకు రెండున్నర పెన్నీల కనీస కూలి గెలిచింది ఈ ఆడవాళ్లే. అలాంటి ఇరుకు ఇళ్లలో కుక్కకు విడిగా గది ఎక్కడిది? అది కుటుంబంతోపాటే పొయ్యి దగ్గర పడుకునేది. పిల్లలకు అది ఆయా కాదు, వాళ్లతోపాటు అదే గచ్చు మీద పెరిగిన ప్రాణి.

ఆ ఊళ్లోనే క్రాస్ గన్స్ అనే పబ్బు ఉండేది. దాని యజమాని జో మాలెన్ గొలుసుల పనివాడు. 1935లో జో డన్‌తోపాటు చుట్టుపక్కల కుక్కల పెంపకందార్లు అక్కడ చేరి క్లబ్బు పెట్టారు. బుల్ టెరియర్ అన్న పేరు హింక్స్ కుక్కకు అప్పటికే పోయింది గనక ముందు జిల్లా పేరు తగిలించారు. బ్రిటన్ కెన్నెల్ క్లబ్ గుర్తింపు ఆ ఏడాదే వచ్చింది. ప్రామాణిక రూపానికి జాక్ బార్నార్డ్ కుక్క జిమ్ ది డాండీని నమూనాగా తీసుకున్నారు. 1939లో తొలి ఛాంపియన్లు రెండూ ఈ బృందానివే: మాలెన్ పెంచిన జెంటిల్‌మన్ జిమ్, డన్ పెంచిన లేడీ ఈవ్. కొలిమి మసి వదలని చేతులతో వీళ్లు ఒక జాతిని చట్టవిరుద్ధపు బరిలోంచి బయటికి తెచ్చారు. ఇంతటి కథను పక్కనపెట్టి తెల్ల గౌను వేసిన ఆయా బొమ్మను ముందుకు తేవడం నాకు బాధ కలిగిస్తుంది. అందులో పోయింది ఒక శ్రామిక ఊరి జ్ఞాపకం.

ఈ కుక్క గురించి సౌత్ స్టాఫర్డ్‌షైర్ సైనికులు చెప్పుకునే కథ కూడా ఒకటుంది. 1882లో ఈజిప్టులో పటాలం రైల్లో అసియూత్‌కు వెళ్తుంటే బాక్సర్ అనే వాళ్ల కుక్క బండిలోంచి దూకేసింది. చచ్చిపోయిందనుకున్నారు. కొన్నాళ్లకు అది రైలుపట్టాల వెంబడి ఎడారిలో రెండు వందల మైళ్లు నడిచి, ఎండి చిక్కిపోయి శిబిరానికి చేరిందట. 1949 నుంచి స్టాఫర్డ్‌షైర్ సేనల్లో వాచ్‌మన్ పేరుతో ఈ జాతి కుక్కను ముందు నడిపించే సంప్రదాయం ఉంది.

1991 బ్రిటిష్ చట్టం మొదట నిషేధించిన నాలుగు రకాల్లో పిట్‌బుల్ ఉంది, ఇది లేదు. చూడ్డానికి పిట్‌బుల్‌లా ఉండటంతో అనుమానం మాత్రం దీన్నీ వెంటాడింది. మన కేంద్ర ప్రభుత్వం 2024 మార్చిలో రాష్ట్రాలకు రాసిన నిషేధ జాబితాలో దీని అమెరికన్ దాయాది పేరు చేర్చింది. ఆ ఉత్తర్వును కర్ణాటక హైకోర్టు ఏప్రిల్‌లో కొట్టేసింది.

అతి ప్రేమా కీడు చేస్తుంది. పిట్‌బుల్‌ల కోసం పనిచేసే అమెరికన్ సంస్థ బ్యాడ్ రాప్, ఆయా కథకు ఆధారం లేదనీ అది పిల్లలకు ప్రమాదమనీ 2013లో బహిరంగంగా ఒప్పుకుని ఆ ప్రచారం మానేసింది. పేరును నమ్మి పసిబిడ్డను ఏ కుక్క దగ్గరైనా ఒంటరిగా వదిలితే ఏం జరగొచ్చో వాళ్లకు తెలుసు.

2018లో పెటా సంస్థ బ్రిటన్‌లో స్టాఫర్డ్‌నూ నిషేధ జాబితాలో చేర్చమని అడిగింది. వద్దంటూ వెళ్లిన వినతి మీద లక్షకు పైగా జనం సంతకాలు పెట్టారు. ఆ జూలైలో పార్లమెంటులో చర్చ జరిగింది. నిషేధించే ఆలోచన లేదని ప్రభుత్వం చెప్పింది.