సాక్ష్యం అందరి ముందూ పెట్టిన కథ

మంజీరా నది మీద నిజాంసాగర్ ఆనకట్ట పని 1923లో మొదలై 1931లో పూర్తయింది. సరిగ్గా ఆ ఏళ్లలోనే ఇంగ్లండులో అపరాధ పరిశోధక నవల స్వర్ణయుగం నడిచింది. అగాథా క్రిస్టీ రాసిన ‘ది మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్రాయిడ్’ 1926లో వెలువడింది. 1929లో రచయిత రోనాల్డ్ నాక్స్ ఈ రకం కథకు పది నియమాలు రాసిపెట్టాడు. 1930లో లండన్‌లో ఈ రచయితల డిటెక్షన్ క్లబ్ ఏర్పడింది, క్రిస్టీ డిటెక్టివ్ మిస్ మార్పుల్ మొదటి నవలా ఆ సంవత్సరమే వచ్చింది. ఈ రెండు చరిత్రలూ ఒకదానికొకటి తెలియకుండా సాగినవే. అయినా వీటిని పక్కపక్కన పెట్టి చూడాలని నా వాదన. వందేళ్ల నాటి ఆ హత్యల కథలు ఇప్పటికీ ఎందుకు చదువుతున్నామన్న ప్రశ్నకు లండన్‌లో కంటే నిజాంసాగర్ ఆయకట్టులోనే మంచి జవాబు దొరుకుతుంది. ఆ కథ పాఠకుడికి ఇచ్చిన హక్కు, ఆనాటి ఆయకట్టు రైతుకు లేని హక్కు.

ఆ హక్కేమిటో ముందు చెప్పుకోవాలి. షెర్లాక్ హోమ్స్ చాలాసార్లు మనకు కనపడనిది చూస్తాడు, చివర్లో వివరిస్తాడు, మనం ఆశ్చర్యపోతాం. మన మర్యాద రామన్న కథల పద్ధతీ అదే. తీర్పరి తెలివైనవాడు, అతను పన్నిన ఉపాయంలో దొంగ చిక్కుతాడు, వింటున్నవాళ్లం మెచ్చుకుంటాం. తీర్పు చెప్పే పీట మీద మాత్రం మనకు చోటుండదు. స్వర్ణయుగపు రచయితలు ఆ చోటు ఇచ్చారు. డిటెక్టివ్ కంటపడిన ప్రతి ఆధారం పాఠకుడి కంటా పడాలని నాక్స్ నియమం. చిక్కు విప్పడానికి ఇద్దరికీ సమానమైన అవకాశం ఉండాలని అంతకు ఏడాది ముందే, 1928లో, అమెరికాలో ఎస్.ఎస్. వాన్ డైన్ తన ఇరవై సూత్రాల్లో మొట్టమొదట పెట్టాడు. రచయిత మనల్ని తప్పుదారి పట్టించవచ్చు, కానీ సాక్ష్యం దాచకూడదు. పుస్తకం మూసేశాక వెనక్కి తిరగేస్తే ఆ వాక్యం అక్కడే ఉండాలి. హత్య ఈ కథలకు నెపం మాత్రమే. అసలు ఆనందం, కాగితమంతా మన ముందు పరిచి ఉండడంలో ఉంది.

ఇప్పుడు ఆయకట్టుకు వద్దాం. నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఇంజినీరుగా, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలనలో కట్టిన ఈ ఆనకట్ట దాదాపు 3 కిలోమీటర్ల పొడవుంది. దాని వెనక పల్లెలు మునిగాయి, ముందు పల్లెలు పండాయి. బాన్సువాడ, వర్ని, బోధన్ వైపు కాలువ పారిన చోటల్లా ఖుష్కి (మెట్ట) నేల తరి (మాగాణి) అయింది. వరి, చెరకు వచ్చాయి, బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం వెలిసింది, కోస్తా జిల్లాల నుంచి రైతులు వచ్చి క్యాంపులు కట్టుకున్నారు. నేల విలువ పెరిగిన కొద్దీ, ఆ నేల ఎవరిదో చెప్పే కాగితం విలువా పెరిగింది. ఆ కాగితం పట్వారీ దగ్గర ఉండేది. శిస్తు మాలీ పటేల్ చూసేవాడు, నేరం సంగతి పోలీసు పటేల్ ఠాణాకు చేరవేసేవాడు. ఈ కొలువులు వంశపారంపర్యంగా నడిచేవి. వారిపైన భూస్వామి అయిన దేశ్‌ముఖ్ ఉండేవాడు. ఆపైన కచేరీ, అదాలత్ ఉర్దూలో సాగేవి. తన మీద ఏ ఫిర్యాదు రాశారో, తన పొలం ఏ పేరున ఎక్కిందో తెలుగు రైతు చదువుకోగలిగేవాడు కాదు. వందలో పదిమందికి కూడా చదువు రాని రాజ్యంలో, వచ్చిన ఆ కొద్దిమంది తెలుగువాళ్లలోనూ అనేకులకు ఆ కాగితం పరభాషే. వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’ నవలలో దొర బలానికి లాఠీ ఎంత ఆధారమో కాగితమూ అంతే ఆధారం. నేరం జరిగితే ఆధారాలు బయటపెట్టి అందరినీ సమానంగా ప్రశ్నించడమన్నది అక్కడ ఊహకు కూడా దూరం.

తెలుగులోకి ఈ డిటెక్టివ్ కథ మొదట బెంగాలీ దారిన వచ్చింది. పాంచకడి దేవ్ నవలల అనువాదాలు 20వ శతాబ్దపు తొలి దశకాల్లో కోస్తా పాఠకులను ఊపేశాయి. దేవరాజు వేంకటకృష్ణారావు ‘వాడే వీడు’ తొలి తెలుగు అపరాధ పరిశోధక నవలల్లో ఒకటిగా నిలిచింది. తెలంగాణలో ఆ రోజుల్లో తెలుగు పుస్తకం దొరకడమే ఒక పోరాటం. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం, 1926లో గోలకొండ పత్రిక, 1937లో నిజామాబాదులో ఆంధ్రమహాసభ సమావేశం, 1938లో ఆళ్వారుస్వామి దేశోద్ధారక గ్రంథమాల, ఇలా ఒక్కో మెట్టూ కట్టుకుంటూ రావలసి వచ్చింది. ఆ ఉద్యమ గ్రంథాలయాలు జాతికి పనికొచ్చే చరిత్ర, విజ్ఞానం కోరుకున్నాయి, అది న్యాయమే. డిటెక్టివ్ నవల పల్లెల దాకా పాకింది ఆ తర్వాతే, చవక ముద్రణతో, అద్దె పుస్తకాల దుకాణాలతో. 1926లో పుట్టిన కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, అతని అసిస్టెంట్ రాజు ఇంటింటి పేర్లయ్యారు. ఉర్దూ చదివేవాళ్లకు 1952 నుంచి ఇబ్నె సఫీ డిటెక్టివ్ నవలల వరుస ‘జాసూసీ దునియా’ ఉండనే ఉంది. అదాలత్ భాషలోనే అదాలత్‌లో దొరకని స్పష్టత కథగా దొరికిందన్న మాట.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. కొమ్మూరివి వేగంతో నడిచే సాహస కథలని, అభిమానులు ఆయన్ను పోల్చింది క్రిస్టీతో కాదు, ఎడ్గార్ వాలెస్‌తో అని అంటారు. నిజమే. నాక్స్ నియమాలకు పూర్తిగా నిలిచే నవలలు తెలుగులో తక్కువ, ఇది మన సాహిత్యంలో మిగిలిపోయిన ఖాళీ అనే నేను అనుకుంటాను. కానీ వేగం ఒక్కటే కావాలంటే దానికి సినిమా చాలు. యుగంధర్ కథల్లో పాఠకుడు చివరిదాకా పట్టుకున్నది ‘ఎవరు, ఎందుకు’ అనే ప్రశ్ననే. ఆ ప్రశ్నకు సిఫారసుతోనో లంచంతోనో కాకుండా తర్కంతో జవాబు వస్తుందన్న నమ్మకమే అతన్ని చివరి పేజీ దాకా నడిపించింది.

రచయిత రేమండ్ చాండ్లర్ 1944లో చేసిన విమర్శ ఇంకా గట్టిది. ఈ హత్యలు లోకంలో జరిగే హత్యల్లా ఉండవని, అంతా కాగితపు మనుషులని ఆయన అన్నాడు. హంతకుడెవరైతే ఎవరికి పట్టిందని విమర్శకుడు ఎడ్మండ్ విల్సన్ కూడా ఆ కాలంలోనే అడిగాడు. పాత్రల సంగతిలో వారిద్దరి మాటా చాలావరకు ఒప్పుకోవచ్చు. కానీ పల్లెటూరి మనిషికి మిస్ మార్పుల్ ఊరు కాగితపు ఊరు కాదు. నలుగురూ నలుగురినీ ఎరిగిన చోట, ఎవరింటి పొయ్యి ఎప్పుడు రాజుకుందో కూడా తెలిసిన చోట, ఒకరి ప్రవర్తన చూసి మరొకరి తప్పు పసిగట్టడం ఆమె పద్ధతి. ఏ తూము ఎప్పుడు తెరిచారో, ఎవరి మడికి రాత్రి నీళ్లు పారాయో నీళ్లు వదిలే నీరటి చెప్పకముందే ఆనవాళ్లు పట్టే రైతుకు ఆ ముసలమ్మ తర్కం వెంటనే అర్థమవుతుంది.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం వర్గానికి సంబంధించినది. చివర్లో హంతకుడు దొరుకుతాడు, భవంతి మాత్రం అలాగే ఉంటుంది, పనివాళ్లు మళ్లీ టీ తెస్తారు. యథాస్థితిని కాపాడే కథ ఇది అంటారు. ముగింపుల మేరకు అది సరైన మాటే. అయితే ముగింపుకు ముందున్న రెండు వందల పేజీల్లో జరిగేది చూడాలి. డాక్టరు, కర్నల్, పాదిరి, జడ్జి, భూస్వామి, ప్రతి ఒక్కరూ అనుమానితులే. ఆ రాత్రి ఎక్కడున్నావన్న ప్రశ్నకు ప్రతి ఒక్కరూ జవాబు చెప్పి తీరాలి, చెప్పిన జవాబును సరిచూస్తారు. హోదా ఎవరినీ కాపాడదు. 1931 నాటి నిజాంసాగర్ కింద ఏ ఠాణా దేశ్‌ముఖ్‌ను నిలబెట్టి అలా అడగగలిగేది? ఆ అడగడమే ఈ కథ చేసిన పెద్ద పని. దాన్ని నేను కాలక్షేపంగా కొట్టిపారేయలేను.

పటేల్, పట్వారీ వ్యవస్థ 1984లో రద్దయింది. సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది. కాగితం చూపించమని అడిగే అధికారం ఇప్పుడు చట్టంలో ఉంది, అయినా అడిగినవాడు ఆఫీసుల చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. ఆ తిరుగుడు ఉన్నంతకాలం, అన్నీ ముందే చూపించి ‘నువ్వే తేల్చు’ అనే పుస్తకానికి పాఠకులు ఉంటారు. మన దగ్గర కరువైంది ఆ పుస్తకమే, దానికి దగ్గరగా వచ్చినవీ మిగలడం లేదు. పాంచకడి అనువాదాలు, యాభై అరవైల నాటి డిటెక్టివ్ నవలలు చవక కాగితం మీద అచ్చయ్యాయి, అవి పొడిపొడిగా రాలిపోతున్నాయి. సాహిత్యం కాదని పెద్ద గ్రంథాలయాలు వాటిని కొనలేదు, దాచలేదు. మీ అటక మీద, పాత పెట్టెలో ఒక్కటైనా ఉంటే తూకానికి వేయకండి. దగ్గరి గ్రంథాలయానికి ఇవ్వండి, ఇచ్చే ముందు పేజీలు స్కాన్ చేయించండి.