గోడకు అటూ ఇటూ ఒకే సేనాపతి

1540లో ఫ్లోరెన్సు యువ ప్రభువు కాసిమో దె మెదీచి ఇల్లు మారాడు. తాతలనాటి భవంతిని వదిలి, అంతకుముందు గణతంత్ర పాలకులు కొలువుదీరిన భవనంలో కాపురం పెట్టాడు. ఇప్పుడు దాని పేరు పలాజో వెక్కియో. కాసిమో పదిహేడేళ్లకే, 1537లో గద్దెనెక్కాడు. అంతకుముందు ఊరి జనం మెదీచీలను 1494లో ఒకసారి, 1527లో మరోసారి వెళ్లగొట్టారు. రెండుసార్లూ వాళ్లు తిరిగొచ్చింది పరాయి సైన్యాల అండతోనే. ఆ మచ్చ చెరగాలంటే గోడల చేత మాట్లాడించాలి.

పూర్వం పాలకులు పౌరుల మొర ఆలకించిన దర్బారు గది అందుకు దొరికింది. చిత్రకారుడూ దొరికాడు. 1510లో ఫ్లోరెన్సులోనే నేతగాడి కొడుకుగా పుట్టిన ఫ్రాంచెస్కో దె రొస్సి, రోములో తనను చేరదీసిన కార్డినల్ సాల్వియాతి ఇంటిపేరుతోనే పేరు తెచ్చుకున్నాడు. ఆ కార్డినల్ కాసిమోకు స్వయానా మేనమామ. 1543లో చిత్రకారుడు సాల్వియాతి సొంతూరికి వచ్చి పని మొదలుపెట్టాడు.

ఆ గోడల మీది కథానాయకుడు రోమన్ సేనాపతి కామిల్లస్. ఫలేరి పట్టణాన్ని ముట్టడించినప్పుడు అక్కడి బడిపంతులు ఒకడు పెద్దింటి పిల్లల్ని తీసుకొచ్చి అప్పగించబోతే, వాడి చేతులు కట్టించి, పిల్లల చేతికే బెత్తాలిచ్చి తరిమించిన ధర్మపరుడు. పదేళ్ల ముట్టడి తర్వాత వెయీ నగరాన్ని గెలిచినా, కొల్లసొమ్ము లెక్కల్లో నింద పడి రోము విడిచి వెళ్లాడు. గాల్ సేనలు రోమును కొల్లగొట్టి, వదిలిపెట్టడానికి వెయ్యి పౌండ్ల బంగారం అడిగాయి. తూకం నడుస్తుండగా కామిల్లస్ వచ్చిపడి, ఊరిని విడిపించేది బంగారం కాదు, ఇనుమేనన్నాడట. ఊరు కాదన్న మనిషే ఊరిని కాపాడాడు. మెదీచీలకు ఇంతకన్నా కలిసొచ్చే కథ ఏముంది?

తడి గచ్చు మీద వేసే బొమ్మ ఇది. గచ్చు ఆరకముందే రంగు పడాలి కాబట్టి ఏ రోజుకు సరిపడా గచ్చు ఆ రోజే పూసుకోవాలి. ఇంత తొందర పనిలోనూ సాల్వియాతి ఎక్కడా పొదుపు చూపలేదు. ఒక గోడ మీద తెల్లగుర్రాల రథంపై కామిల్లస్ విజయయాత్ర, వెయీ నుంచి తరలించిన జూనో దేవత విగ్రహం, కొల్లగొట్టిన ఆయుధాలు. ఇంకో గోడ మీద బంగారం తూకం, దూసుకొచ్చిన సేనాపతి. మెలితిరిగిన ఒళ్లు, కిక్కిరిసిన గుంపులు, నగిషీ చెక్కిన కవచాలు: మేనరిజం శైలి లక్షణాలన్నీ ఇక్కడున్నాయి. గిట్టనివాళ్లు డ్యూకు కాసిమో దగ్గర చాడీలు చెప్పారని సాల్వియాతి చిన్ననాటి స్నేహితుడు వసారి రాశాడు. 1545కల్లా ఈ చిత్రాలు పూర్తయ్యాయి. 1548లో సాల్వియాతి ఫ్లోరెన్సు వదిలి మళ్లీ రోము చేరాడు.

ఈ గదికి ఆనుకునే లిల్లీపూల గది ఉంది. అక్కడ 1480లలో చిత్రకారుడు గిర్లాండాయో గీసిన రోమన్ వీరుల్లో, నిరంకుశ రాజును తరిమిన బ్రూటస్‌తో పాటు ఈ కామిల్లస్ కూడా ఉన్నాడు. అప్పుడతను గణతంత్రం తరఫు మనిషి. అరవై ఏళ్లు తిరిగేసరికి గోడకు ఇవతల డ్యూకు తరఫు మనిషయ్యాడు. కామిల్లస్ గుణం మారలేదు, అతన్ని గోడకెక్కించిన యజమానే మారాడు. ఫ్లోరెన్సు వెళ్లేవాళ్లు ఒక గది చూసి వెనుదిరగొద్దు, మధ్యనున్న తలుపు దాటి రెండోదీ చూడండి.